మాస్టారి రన్ పారాయణం

మా ఊళ్లో పడవ పాతబడి రేవులో బోర్లా పడి ఉంటే దాన్ని 'అబ్స్ అయిపోయింది' అంటారు. సఖినేటిపల్లి దాటితే ఈ మాట ఎవరికీ తెలియదు. ఆ సంగతి నాకు తెలియక, పెళ్లయిన కొత్తలో కొత్తపేటలో మా అత్తగారి రుబ్బురోలు చూసి "ఇది అబ్స్ అయిపోయిందత్తయ్యా, తీసేద్దాం" అన్నాను. ఆవిడ అదేదో కొత్త తిట్టనుకుని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అది తిట్టు కాదని ఒప్పించడానికి సూర్యనారాయణమూర్తి మాస్టారి కథంతా చెప్పాల్సి వచ్చింది. అప్పటికి సగమే తెలుసు. మిగతా సగం కిందటి జూన్‌లో నా కళ్ల ముందే జరిగింది.

నా పేరు సాయిదుర్గ. మా తాత సత్యదుర్గారావుకి గోదావరి మీద నావ ఉండేది. మా నాన్నకి రొయ్యల చెరువులు. నేను ఇంగ్లీషు టీచర్ని. అదీ మా రేవు పక్క హైస్కూల్లోనే, మాస్టారు ముప్పై తొమ్మిదేళ్లు కూర్చుని లేచిన కుర్చీలోనే. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు పిల్లలు లేచి నిలబడి 'గుడ్ మార్నింగ్ టీచర్' అనకుండా, ఏకకంఠంతో 'రన్' అన్నారు. వాళ్ల తప్పు కాదు. మేమూ అలాగే అనేవాళ్లం.

మాస్టారు సిలబస్ చెప్పలేదని అనను, పాపం కదా. చెప్పేవారు. కానీ ప్రతి పీరియడ్‌లో మొదటి పదిహేను నిమిషాలూ రన్ అనే ఒక్క క్రియకి అంకితం. ఆయన ఒకసారి అనాలి, మేము రెండుసార్లు అనాలి. కాగితం ముట్టకూడదు. దీన్ని సంత చెప్పడం అంటారనీ, వేదం చదువుకునే పిల్లలు ఇలాగే నేర్చుకుంటారనీ నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. ఇంగ్లీషు ఎక్కడైనా ఇలాగే నేర్పుతారు కాబోలు అనుకున్నాను.

మనిషి పరుగెత్తితే రన్. సరే, ఒప్పుకున్నాం. మోటారు ఆడినా రన్నే. ముక్కు కారినా, కుళాయి పారినా, వాయిల్ చీర రంగు దిగినా, బస్సు నడిచినా, దుకాణం నడిపినా, సినిమా వంద రోజులు ఆడినా, కాలవ గట్టు వెంట రోడ్డు సాగినా రన్నే. ఎన్నికల్లో నిలబడ్డమూ రన్నే అన్నప్పుడు మాత్రం నేను లేచాను. అప్పుడు మా బాబాయి పంచాయతీకి నిలబడ్డాడు.

"నిలబడ్డవాణ్ణి పరుగెత్తేడంటారేంటండీ మాస్టారూ?"

"నిలబడి నెగ్గినవాణ్ణి ఎప్పుడైనా చూసేవా అమ్మాయ్?" అన్నారాయన.

బాబాయి నిజంగానే ఇంటి అరుగు మీద నిలబడ్డాడు. ఓడిపోయాడు.

వరద నీళ్లలో పులసలు సముద్రంలోంచి గోదావరికి ఎదురెక్కి వస్తాయి చూడండి, దానికీ వాళ్లు రన్ అనే అంటారని చెప్పిన రోజు మా వెనక బెంచీ అంతా ముందుకి జరిగింది. చేపల సంగతి తెలిసిన వాళ్లంటే మాకు గౌరవం. మాకు ఒక్కో పనికి ఒక్కో మాట ఉంటే, వాళ్లు ఇంట్లో పనులన్నీ ఒక్క పాలేరు నెత్తిన పెట్టినట్టు అన్నీ ఈ రన్ మీదే తోసేశారే అని జాలి కూడా పడ్డాం. ఇప్పుడాలోచిస్తే మనమేం తక్కువ తినలేదు. టెంకాయ కొడతాం, గోడకి సున్నం కొడతాం, హారన్ కొడతాం, ఫోన్ కొడతాం, కన్ను కొడతాం, చేపల బుట్ట కంపు కొడుతుంది. ఎవరైనా తెల్లదొర మన 'కొట్టు' పట్టుకుని కూర్చుని ఉంటే వాడి బతుకూ మా మాస్టారి బతుకులాగే తెల్లారేది.

ఇక అబ్స్ సంగతి. నాలుగైదు అర్థాలకోసారి చివర 'అబ్స్' అని వచ్చేది. మాస్టారు అంటే మేమూ అనేవాళ్లం, రెండేసిసార్లు. అదేమిటో అడిగితే "ముందు నోటికి రానియ్యండి, అర్థం తర్వాత వస్తుంది" అనేవారు. ఒకప్పుడు పాలు విరగడాన్ని కూడా రన్ అనేవారట, దాని చివర అబ్స్. ఇలా మరీ విచిత్రంగా, మరీ పాతగా ఉన్నవాటి వెనకే ఈ మాట వస్తోందని మా వాళ్లు కనిపెట్టి, పాతబడ్డ ప్రతిదానికీ దాన్ని తగిలించారు. పడవలకి, సైకిళ్లకి, చివరికి మా నాయనమ్మకి. అది నిఘంటువు వాళ్లు 'అబ్సొలీట్', అంటే 'వాడుకలో లేనిది' అని చెప్పడానికి వేసే పొట్టి గుర్తని బి.ఇడి.లో చేరాక తెలిసి నోరెళ్లబెట్టాను. మాస్టారికి ముందునుంచీ తెలుసు. తెలిసే చెప్పించారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రావాలి, అక్షరం వదలకూడదు, అదీ ఆయన పద్ధతి.

నేను తొమ్మిదిలో ఉండగా స్కూలు తనిఖీకి ఒక పెద్దాయన వచ్చారు. నా గ్రహచారమో ఆయనదో, నన్నే లేపి "రన్ అంటే ఏమిటమ్మా?" అన్నారు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. నేను ఎత్తుకున్నాను. ఇరవయ్యో అర్థం దగ్గర ఆయన "గుడ్, చాలు" అన్నారు. మధ్యలో ఆపడం మాకు అలవాటు లేదు. నలభయ్యో దాని దగ్గర ఆయన జేబురుమాలు తీశారు. అరవై దాటాక బెల్లు మోగింది, అయినా నేను వదల్లేదు. ఊపిరి కోసం ఆగిన సందు చూసుకుని ఆయన గబుక్కున "మరి వాక్ అంటే?" అన్నారు.

క్లాసులో ఒక్కరికీ తెలియదు.

మాస్టారిది రాజోలు పక్క అగ్రహారం. వాళ్ల నాన్నగారు ఘనపాఠి. అంటే ఎనభై రెండు పన్నాలుగా ఉన్న వేదమంతా కంఠతా పట్టి, అందులో మాటల్ని ముందుకీ వెనక్కీ జడలా అల్లి అప్పగించగలిగిన మనిషి. చుట్టుపక్కల ఎక్కడ వేద పరీక్ష జరిగినా ఆయనే పరీక్షకుడు. పిల్లవాడు ఎదురుగా కూర్చుని చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని వింటారు. తప్పు వస్తే నోటితో ఏమీ అనరు. కుడి తొడ మీద చూపుడువేలితో ఒకసారి తడతారు. అంతే.

"పిడుగు పడితే చెవులు మూసుకోవచ్చమ్మా. ఆ వేలికి ఏం మూసుకుంటాం?" అని మాస్టారు నాతో ఒకసారి అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ చెయ్యి మాత్రం తొడ మీదకి పోయింది.

పధ్నాలుగేళ్లప్పుడు ఆయన తండ్రి ఎదుటే పరీక్షకి కూర్చున్నారు. ఊళ్లో పెద్దలంతా ఉన్నారు. రెండో వాక్యంలోనే వేలు పడింది. సరిదిద్దుకుని చెబితే మళ్లీ పడింది. మూడోసారి పడేలోగా ఆ పిల్లాడు లేచి, పిలకతో, పంచెతో, వెనక్కి చూడకుండా పరుగు లంకించుకున్నాడు. దారిలో ఏ బండి ఎక్కాడో గానీ మా రేవుకొచ్చి మా తాత నావలో కూర్చున్నాడు. తాత ఏమీ అడగలేదు. నర్సాపురం ఒడ్డున దింపాడు. సాయంత్రం చూస్తే అక్కడే, ఆ మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. ఆకలికి మొహం పీక్కుపోయింది. తాత తన సద్దిమూటలో ఉన్న అరటిపళ్లు రెండు పెట్టి, ఇవతలి ఒడ్డుకి తెచ్చి, సైకిలెక్కించుకుని అగ్రహారంలో గుమ్మం దగ్గర దిగబెట్టాడు.

ఘనపాఠిగారు అరుగు మీద ఉన్నారట. కొడుకుని ఎగాదిగా చూసి, "రేపట్నుంచి ఇంగ్లీషు బడికి పో" అని లోపలికెళ్లిపోయారు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదని మాస్టారు ఇప్పటికీ అంటారు. ఆ మర్నాడు బళ్లో చేరితే, ఇంగ్లీషు పంతులుగారు నల్లబల్ల మీద రాసిన మొట్టమొదటి వాక్యం 'ద బాయ్ ర్యాన్ అవే', పిల్లాడు పారిపోయాడు అని. ఊరంతా కూడబలుక్కుని తన మీదే పాఠం వేయించారనుకున్నారట మా మాస్టారు. ఆ క్రియ అలా పట్టుకుంది ఆయన్ని, ఇక వదల్లేదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఒక మహా నిఘంటువులో ఒకే ఒక్క సంపుటం దొరికింది. ఆర్ అక్షరానిది. మిగతావి ఎవరింట్లో ఎలకలు తింటున్నాయో తెలియదు. ఆ సంపుటంలో రన్‌కి మూడు వందల పదకొండు అర్థాలున్నాయి. అవన్నీ ముందు నుంచి చివరిదాకా, గుర్తులతో సహా, వేదం పట్టినట్టు నోటికి పట్టాలని నిర్ణయించుకున్నారు. తండ్రి పెట్టిన పరీక్ష తప్పారు కాబట్టి తన పరీక్ష తనే పెట్టుకున్నారన్నమాట.

అప్పట్నుంచి ఆ ఇంట్లో తెల్లారగానే ముందు వసారాలో ఘనపాఠిగారూ శిష్యులూ వేదం. అది ముగిసి ఘనపాఠిగారు వెనక గదిలో జపానికి కూర్చోగానే, ఆ గది గోడకి అవతల నూతి దగ్గర మాస్టారి రన్. మాస్టారి భార్య అచ్చయమ్మగారు నాతో అనేవారు: "అటు ఆయన, ఇటు ఈయన, మధ్యలో వంటింట్లో నేను. పోపు మాడితే ఏ మంత్రానికి మాడిందో కూడా తెలీదమ్మా."

నలభై ఏళ్లలో తండ్రి ఆ చదువు గురించి అన్నవి రెండే మాటలు. మొదటిది కోడలి ద్వారా. "స్వరం లేకుండా ఏమిటా గొణుగుడు?" మాస్టారు ఆ వారంలోనే మూడు వందల పదకొండు అర్థాలకీ స్వరాలు పెట్టుకున్నారు. ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో రాసుకున్నారు. మేము రాగం తీస్తూ నేర్చుకున్నది అందుకే. నా ఇంగ్లీషు విని హైదరాబాదులో ఒకాయన మీరు పాటలు పాడతారా అని అడిగింది కూడా అందుకే.

రెండోది చాలా ఏళ్ల తర్వాత. రన్ ఎక్కడ పుట్టిందో అంతు చూశానని సంబరపడుతూ మాస్టారు స్వయంగా వెళ్లి చెప్పారు. "నాన్నగారూ, ఇది వాళ్ల పాతమాట ఒకటీ, ఉత్తర సముద్రాల మీద ఓడలేసుకొచ్చిన వాళ్ల మాట ఒకటీ కలిసిపోయి అయ్యిందండీ. ఇంకా వెనక్కి వెళ్తే ప్రవహించడం అనే అర్థం ఉందంటున్నారు. మన వేదంలో రిణాతి అనే క్రియ దీనికి చుట్టమేనట."

ఘనపాఠిగారు అంతా విని, "గురువెవరు?" అన్నారు.

"గురువు లేరండీ. పుస్తకం."

"పుస్తకం చూసి నేర్చుకున్నది చదువెలా అవుతుంది?" అని కండువా సర్దుకుని వెళ్లిపోయారు.

ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఓడల వాళ్ల మాట అని తెలిసి మేమంతా రన్ మా మాటేనని మురిసిపోతుంటే, ఈ పెద్దాయన ఒక్క ముక్కతో తీసి పారేస్తారా? నలభై ఏళ్లు గోడ అవతల కొడుకు గొంతు చించుకుంటే ఒక్క పూట వినలేరా? మాస్టారితో అన్నాను కూడా. "ఆయన పద్ధతి ఆయనదమ్మా" అన్నారు. ఆయనకి ఒక్కటే కోరిక. తండ్రి ఎదురుగా కూర్చోవాలి. మొదటి అర్థం నుంచి చివరి అర్థం దాకా చెప్పాలి. ఆ వేలు కదలకూడదు. ఒక్కసారంటే ఒక్కసారి చాలు.

మాస్టారు రిటైరయ్యేసరికి ఘనపాఠిగారికి ఎనభై తొమ్మిది నిండాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిదీ ఎన్నాళ్లో ఉండదని అమలాపురంలో డాక్టరు చెప్పారు. మిషను పెట్టుకోండంటే, "నేను వినాల్సింది మర వింటే ఆ పుణ్యం మరకి" అని తోసేశారు. మాస్టారికి నిద్ర పట్టడం మానేసింది. పరీక్షకి ఈయన సిద్ధమయ్యేసరికి పరీక్షకుడికి చెవి పోతోంది. చివరికి అచ్చయమ్మగారే మావగారి ముందు నిలబడ్డారు.

"మావయ్యగారూ, వినికిడి పోయేక ఎలాగూ మా గొడవలేవీ మీకు వినబడవు. ఈలోగా మీ అబ్బాయిది ఒక్కసారి వినెయ్యండి."

"ఎదురుగా వచ్చి కూర్చుంటానంటే వద్దన్నానా? ఆదివారం రమ్మను" అన్నారు ఘనపాఠిగారు. కొడుకు ఉన్నది పక్కగదిలోనే.

శనివారం మాస్టారు నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, రేపు పుస్తకం నువ్వు పట్టుకోవాలి. తప్పొప్పులు చూడ్డానికి." నేను ఆ సాయంత్రమే బయల్దేరి వెళ్లాను. అక్కడ అచ్చయమ్మగారి మేనకోడలు ప్రణవి ఉంది. హైదరాబాదులో భాషాశాస్త్రం చదువుతోంది, సెలవులకొచ్చింది. ముగ్గురం వెనక వసారాలో కూర్చుని ఒకసారి మొత్తం చెప్పించాం. ప్రణవి ఫోన్‌లో సమయం చూసింది. గంటా ఇరవై నిమిషాలు.

"మావయ్యగారూ, తాతగారు గంటకి మించి కూర్చోలేరు. మధ్యలో కునుకు తీసేస్తే మళ్లీ దొరకరు. ఈ అబ్స్‌లూ అవీ అచ్చువాళ్ల గుర్తులండీ, అర్థాలు కావు. అబ్స్‌లే డెబ్బై మూడున్నాయి. అలాంటి గుర్తులన్నీ తీసేస్తే ఇరవై నిమిషాలు కలిసొస్తుంది."

"అక్షరం వదలకూడదమ్మా."

"అది వేదానికండీ. ఇది డిక్షనరీ."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. నువ్వైనా వద్దను అని. నేను అనలేదు. పైగా, "తాతగారికి ఇంగ్లీషే రాదు కదండీ మాస్టారూ. తీసేస్తే మాత్రం ఆయనకేం తెలుస్తుంది?" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. మాస్టారు నూతి వైపు చూసి, సరేనన్నారు. పొద్దుపోయేదాకా అబ్స్‌లు లేకుండా సాధన చేశారు. నడక కుదరక తడబడుతూ, మళ్లీ మొదలుపెడుతూ.

ఆదివారం మూడింటికి ఘనపాఠిగారు ముందు వసారాలో పీట మీద కూర్చుని, కుడి చెవి కొడుకు వైపు తిప్పారు. మాస్టారు తలంటుకుని ఉతికిన పంచె కట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. అరవై మూడేళ్ల మనిషి, పంచె అంచు పదేపదే సర్దుకుంటున్నారు. నేను ఆ సంపుటం ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. మూడు కేజీలుంటుంది. ఘనపాఠిగారు నన్ను చూశారు.

"నువ్వు నావ సత్యదుర్గారావు మనవరాలివా?"

"ఆయ్, అవునండీ తాతగారూ."

"ఆవేళ వీణ్ణి దిగబెట్టి, మంచినీళ్లయినా తాక్కుండా వెళ్లిపోయేడు. లోపలికి పిలిచే బుద్ధి నాకూ లేకపోయింది." వంటింటి వైపు తిరిగి, "అచ్చయమ్మా, ముందు ఈ అమ్మాయికి మంచినీళ్లియ్యి" అన్నారు.

అచ్చయమ్మగారు చెంబుతో తెచ్చారు. నేను తాగాను. దాహం లేదు, అయినా చెంబంతా తాగాను. ఈ మనిషి మీద ఇన్నాళ్లూ పెంచుకున్న కోపం ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

ఘనపాఠిగారు కళ్లు మూసుకున్నారు. కుడి చెయ్యి తొడ మీదకి వచ్చింది. మాస్టారు ఎత్తుకున్నారు. మొదటి అర్థం, కాళ్లతో పరుగు. స్వరం ఎక్కడా తప్పలేదు. రెండు, మూడు, నాలుగు. నా వేలు పుస్తకంలో ఒక్కో వరుసా దాటుతోంది. అయిదు, ఆరు. మొదటి ఆరింటికీ అబ్స్ గానీ మరో గుర్తు గానీ లేదు. ఏడోది పాలు విరగడం. మాస్టారు అది చెప్పి, ఊపిరి తీసుకుని, సరాసరి ఎనిమిదికి వెళ్లిపోయారు.

వేలు పడింది.

చప్పుడు పెద్దదేం కాదు. కానీ మాస్టారు దెబ్బ తిన్నట్టు ఆగిపోయారు. ఆయన చూపు వీధి గుమ్మం మీదకి పోయింది. ఇప్పుడీ మనిషి లేచి పరుగెడితే మా రేవు దాకా ఎవరు వెళ్లి తేవాలి అని నాకు నిజంగా భయమేసింది. గబగబా పుస్తకం చూశాను. ఒక్క అర్థం తప్పలేదు. నా కోపం మళ్లీ నాకు దొరికింది.

"తప్పేం లేదండీ తాతగారూ! పుస్తకం నా ఒళ్లోనే ఉంది."

"పుస్తకంలో ఏముందో నాకేం తెలుసమ్మా" అన్నారాయన కళ్లు తెరవకుండానే. "ఆ మాటయ్యేక ఇంకోటుండాలి. వదిలేసేడు."

"ఏముండాలండీ?"

"అబ్స్" అన్నారు ఘనపాఠిగారు. అచ్చంగా మాస్టారు పెట్టిన స్వరంతోనే, చివర దించి.

ప్రణవి చేతిలోంచి ఫోన్ జారి నేల మీద పడింది. వంటింటి గుమ్మంలో అచ్చయమ్మగారు గరిటతో సహా బొమ్మలా నిలబడిపోయారు. నేను పుస్తకం చూశాను. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో.

"నాన్నగారూ, మీకెలా…" మాస్టారు ముందుకి జరిగారు.

"నలభై ఏళ్లు నా జపం గదికి అవతల కూర్చుని అరిచేవు. నా చెవులేమైనా అద్దెకిచ్చేననుకున్నావా?"

"మొత్తం వచ్చా తాతగారూ?" అంది ప్రణవి.

"మూడు వందల పదకొండూ వచ్చు. అర్థం ఒక్కదానికీ తెలీదు. నూట తొంభయ్యోదాని దగ్గర వీడు రోజూ ఊపిరి తప్పు చోట తీస్తాడు. గోడ మీద కొడదామా అనిపించేది."

"మరి ఎప్పుడూ చెప్పలేదేమండీ?" ఈసారి అడిగింది నేను. కొంచెం గట్టిగానే అడిగాను, ఆయనకి చెవి వినిపించదని కాదు.

"ఎదురుగా వచ్చి కూర్చున్నవాడికి చెప్తారు గానీ, నూతి దగ్గర కూర్చున్నవాడికి చెప్తారా అమ్మా?" అన్నారు. అని, మొదటిసారి కళ్లు తెరిచి కొడుకు వైపు చూశారు. "వస్తాడేమోనని చూసేను. రాలేదు. నేనూ వెళ్లలేదు."

తరిమారనుకుని కొడుకు, పారిపోయాడనుకుని తండ్రి, మధ్యలో ఒకే ఒక్క గోడ పెట్టుకుని నలభై ఏళ్లు. నాకు ఇద్దరినీ కూర్చోబెట్టి తిట్టాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

ప్రణవి తప్పంతా తనదేనని ఒప్పుకుంది. నేనూ గొంతు కలిపాను. "అబ్స్ అంటే ఇది ఇప్పుడు వాడుకలో లేదు అని అర్థం తాతగారూ. ఎవరూ అనరు కదా అని మేమే తీయించేం."

ఘనపాఠిగారు మా ఇద్దరినీ చూసి తల అడ్డంగా ఊపారు. "వాడుకలో ఉన్నదాన్ని ఊరంతా చెప్పుకుంటుంది. దానికి మనమెందుకు? లేనిదాన్నే కదా మనం పట్టుకోవాలి." మళ్లీ కళ్లు మూసుకున్నారు. చెవి దగ్గరికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొడుకు వైపు ఇంకాస్త వంగారు. "ఊఁ. ఎక్కడ ఆపేం?"

మాస్టారి కళ్లూ ముక్కూ కూడా కారుతున్నాయి. రెండూ రన్ కిందకే వస్తాయి, ఒళ్లో పుస్తకం ఉంది కదా అని చూశాను, నూట పన్నెండో అర్థం. కండువాతో తుడుచుకుని ఆయన నడుం నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని, పధ్నాలుగేళ్ల పిల్లాడిలా కూర్చున్నారు.

తండ్రి ఒకసారి అన్నారు.

"అబ్స్."

కొడుకు రెండుసార్లు అన్నాడు.

"అబ్స్. అబ్స్."